చిన్న లోడర్ కోసం పద్నాలుగు నెలలు

ఒక చిన్న లోడర్ కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి మా కంపెనీకి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ దాని ఫైలు నా బల్ల మీదే ఉంది. మా ఆయన అప్పట్లో హాంబర్గ్‌లోనే విమానాల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. మీరు ఆ బండి కొనేలోపు మావాళ్ళు ఎన్ని విమానాలు కట్టి పంపేశారో తెలుసా అని భోజనాల దగ్గర ఎగతాళి చేసేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. నేను రిటైరయ్యి కూడా కొన్నేళ్ళయింది. ఇప్పుడు తలచుకున్నా నవ్వు రాదు, విసుగే వస్తుంది. అందులో సగానికి పైగా నా మీదే.

మాది చెట్ల పని చేసే చిన్న కంపెనీ. ఇళ్ళ వెనక తోటల్లో అడ్డదిడ్డంగా పెరిగినవి, గాలివానకి విరిగినవి, బూజు పట్టి లోపల గుల్లయినవి, ఇలాంటి చెట్లకి కొమ్మలు తగ్గించడం, తప్పకపోతే మొత్తం కొట్టేయడం మావాళ్ళ పని. ఇక్కడ జర్మనీలో పెద్ద చెట్టయితే అది మన సొంత తోటలో ఉన్నా సరే, కొట్టాలంటే పర్మిషన్ కావాలి. ఆ ఉత్తరాలు రాయడం, ఫోన్లెత్తడం, ఎవరు ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలో ప్లాన్ చేయడం, ఫలానా టెర్మిన్‌కి, అంటే ఇచ్చిన అపాయింట్‌మెంటుకి, ఎందుకు రాలేదని తిట్టేవాళ్ళ తిట్లు తినడం నా పని. నర్సాపురం దగ్గర పల్లె నుంచి బోటనీ డిగ్రీ చేత్తో పట్టుకుని, పెళ్ళై ఇక్కడికి వచ్చాను. జర్మన్ నేర్చుకున్నాక దొరికిన మొదటి ఉద్యోగం అదే, చివరిదీ అదే. ఇరవై రెండేళ్ళు చేశాను.

మా యజమానిని అందరం షెఫ్ అనేవాళ్ళం. ఇక్కడ యజమానిని అలాగే అంటారు. మంచి మనిషి. పని తెలిసినవాడు. కానీ ఏదైనా తేల్చి చెప్పమంటే మాత్రం పన్ను పీకించుకోవడానికి కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఆయన కింద మేస్త్రీ ఒకడు. ఏ కొత్త మాట ఎత్తినా, లోడర్ లేకుండానే నలభై ఏళ్ళు బతికాం అన్నట్టు మొహం పెట్టేవాడు. తాళ్ళు కట్టుకుని చెట్లెక్కేవాళ్ళు ఇద్దరు. ఇక దుంగలు మోసే ఆయన. పోలండ్ నుంచి వచ్చినవాడు, యాభై ఆరేళ్ళుంటాయి. పైనుంచి దించిన దుంగల్ని తోటలోంచి వీధిలో ఉన్న లారీ దాకా చేర్చడం ఆయన పని. దారి బాగుంటే తోపుడు బండి, లేకపోతే భుజం. ఇక్కడి ఇళ్ళకి పక్కగా సన్నటి సందు ఒకటి ఉంటుంది, వెనక తోటకి అదొక్కటే దారి. కాబట్టి ఎక్కువసార్లు భుజమే.

షెఫ్ ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్ళి ఈ లోడర్‌ని చూసొచ్చాడు. మన ట్రాక్టరులో సగం కూడా ఉండదు. ముందు ఇనుప పంజా ఉంటుంది. దుంగని పట్టి, ఎత్తి, తీసుకెళ్ళి లారీలో వేస్తుంది. ముగ్గురి పని ఒక్కరితో అయిపోతుందని కరపత్రంలో రాసుంది. ఆ కరపత్రం తెచ్చి నా బల్ల మీద పెట్టి, మీకు లెక్కలు బాగా వచ్చు, కొనాలో వద్దో మీరే తేల్చండి అన్నాడు. నాకెందుకు ఇచ్చాడంటే, మిగతా వాళ్ళందరికీ దాని మీద ఏదో ఒక అభిప్రాయం ఉంది. నాకు లేదు. జీవితంలో ఒక్క దుంగ ఎత్తిన మనిషిని కాదు. అదే నా అర్హత అనుకున్నాడు షెఫ్. నేనూ అలాగే అనుకున్నాను, అది నా మొదటి తప్పు.

నెలకొకసారి మీటింగు పెట్టేవాళ్ళం. చక్రాలకి పచ్చిక పాడవుతుంది, మళ్ళీ దాన్ని బాగుచేస్తూ కూర్చోవాలి అని మేస్త్రీ. చెట్లెక్కేవాళ్ళలో ఒకడు కొనేయండి అంటాడు. రెండోవాడు ముందు కొత్త తాళ్ళు కొనండి అంటాడు. షెఫ్ అందరి మాటా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంకొంచెం సమాచారం కావాలి అంటాడు. నేను వెళ్ళి ఇంకొంచెం సమాచారం తెచ్చేదాన్ని. టేపు పట్టుకుని ఇళ్ళిళ్ళూ తిరిగి గేట్ల వెడల్పులు కొలిచాను. ఒక ముసలావిడైతే నన్ను మున్సిపాలిటీ మనిషిననుకుని, తన కంచె సరైన ఎత్తులోనే ఉందని కాగితాలు తెచ్చి చూపించింది. మోసే ఆయన కూడా ప్రతి మీటింగులోనూ తలుపు దగ్గర నిలబడి ఉండేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఆయన జర్మన్ అంతంతమాత్రం, అందుకే మాట్లాడడు అనుకున్నాను.

అయిదో మీటింగో ఆరో మీటింగో అయ్యాక నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. చేత్తో మోస్తే ఎంతసేపు పడుతోంది, మెషీన్‌తో అయితే ఎంతసేపు పడుతుంది అన్నది తేలిస్తే చాలు కదా, వాదనలన్నీ ఆగిపోతాయి. స్టాప్‌వాచ్ ఒకటి కొన్నాను. ఫోనులో ఉన్నా కూడా, వానలో ఫోను తీయడం ఇష్టం లేక విడిగా కొన్నాను. మావాళ్ళు పనిచేసే చోటికి వెళ్ళి, గొడుగు కింద నిలబడి, చెట్టు దగ్గర దుంగ ఎత్తిన దగ్గర్నుంచి లారీలో పడేదాకా నిమిషాలూ సెకన్లూ నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. మొదటిరోజు ఆయన ఒకసారి ఆగి నా వైపు చూశాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన తలాడించి ఇంకో దుంగ ఎత్తాడు.

అలా కొన్ని నెలల్లో అయిదు చోట్లకి వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఆయన టైము ముందుసారి కంటే తగ్గింది. ఈ వయసులో ఇంత హుషారా అని ముచ్చటపడ్డాను కూడా. లోడర్‌ని ట్రెయిలర్ మీద తీసుకెళ్ళాలి, దించాలి, పచ్చిక మీద చెక్కలు పరవాలి, మళ్ళీ ఎక్కించాలి. అవన్నీ కలిపితే చేత్తో మోయడానికీ మెషీన్‌కీ పెద్ద తేడా లేదని నా పట్టికలో తేలింది. 'కొనడం అంత అత్యవసరం కాదు' అని రాసి సంతకం పెట్టాను. కంపెనీ చేత అనవసరంగా బండి కొనిపించని నిజాయితీపరురాలినని లోలోపల గర్వం.

ఆ జూలైలో అందరం కలిసి భోజనానికి వెళ్ళాం. ఆయన ప్లేటు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడే తిన్నాడు. కూర్చోండి అంటే, లారీలో కూర్చుంటూనే ఉంటాగా అన్నాడు. నేను సరేనని నా బంగాళదుంపలు నేను తిన్నాను.

షెఫ్‌కి నా పట్టికతో కూడా తృప్తి కలగలేదు. ఒకసారి మెషీన్‌ని తెప్పించి కళ్ళారా చూద్దాం అన్నాడు. ఆ టెర్మిన్ దొరకడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఒకసారి డీలర్‌కి కుదరలేదు, ఒకసారి మాకు కుదరలేదు. చివరికి చలికాలం మొదట్లో ఒక రోజు కుదిరింది. పెద్ద ఇల్లు, వెనక తోటలో తెగులు పట్టిన, బీచ్ అనే గట్టి చెక్క చెట్టు. ముందు రెండు రోజుల్లోనే దాన్ని కోసి ముక్కలు చేశారు. పచ్చి బీచ్ దుంగంటే రాయిలా ఉంటుంది. నాలుగు రోజుల నుంచి వాన, నేలంతా చిత్తడి.

డీలర్ దగ్గర్నుంచి ఒకాయన మడత నలగని కోటుతో వచ్చి లోడర్‌ని దించాడు. సందు దాకా నడిపాడు. గేటు దగ్గర ఆగిపోయింది. నేను కొలిచింది స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం. గేటు తలుపు పూర్తిగా వెనక్కి తిరగదు, దాని మందం దారిలోకే వస్తుంది. నాలుగు వేళ్ళ వెడల్పు తక్కువైంది. అన్ని ఇళ్ళు తిరిగి కొలిచినదాన్ని, ఈ ముక్క నాకు తట్టలేదు. మేస్త్రీ నా వైపు చూశాడు. చూసి చిన్నగా నవ్వాడు, అదే ఎక్కువ మండింది. తుప్పుపట్టిన మడతబందుల్లోంచి గేటుని ఊడదీయడానికి అరగంట పట్టింది. ఇంటాయన కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి, నా పచ్చిక జాగ్రత్త, అని మూడుసార్లు చెప్పాడు.

లోపలికి వెళ్ళాక మెషీన్ బాగానే పనిచేసింది. షెఫ్ మొహం వెలిగింది. అప్పుడు ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఎడమ వైపు గుట్టని చేత్తో, కుడి వైపు గుట్టని మెషీన్‌తో తీద్దాం, మీరు రెంటికీ టైము చూడండి అన్నాడు నాతో. నేను వద్దనలేదు. స్టాప్‌వాచ్ తీశాను. ఈ భాగం చెప్పేటప్పుడు షెఫ్ మీదికి తోసేయాలని ఇప్పటికీ నోటి దాకా వస్తుంది. కానీ వాచీ నా చేతిలోనే ఉంది.

చెట్లెక్కేవాళ్ళలో ఒకడు మోసే ఆయనకి సాయం వెళ్ళబోతే, అక్కర్లేదని చేత్తోనే పక్కకి పంపేశాడు. మొదలుపెట్టాడు. మెషీన్ చెక్కల మీద మలుపు తిరిగిన ప్రతిసారీ నెమ్మదించాలి. ఆయన నెమ్మదించలేదు. పది విడతలయ్యేసరికి ఆయనే ముందున్నాడు. మావాళ్ళు ఈల వేశారు. లోడర్ లేకుండా నలభై ఏళ్ళు బతికిన మేస్త్రీ చప్పట్లు కొట్టాడు. నేనూ నవ్వుతూనే ఉన్నాను. తర్వాత రెండు కొమ్మలు చీలే చోటి మొద్దు ఒకటి మిగిలింది, బాగా బరువైనది. మోకాలు దన్ను పెట్టి దాన్ని భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేశాడు. ఆగాడు. మొద్దుని పడేయలేదు, మెల్లగా కిందికి దించాడు. దించి, మోకాళ్ళ మీద కూలబడి, రెండు అరచేతులూ బురదలో ఆనించి అలాగే ఉండిపోయాడు.

దగ్గరికి పరిగెత్తాను. మొహం బూడిదలా ఉంది. తన భాషలో ఏదో గొణిగాడు. తర్వాత తలెత్తి నన్ను చూసి జర్మన్‌లో అడిగాడు.

"వాచీ ఆపారా?"

ఆపలేదు. నా చేతిలో ఇంకా నడుస్తూనే ఉంది.

అంబులెన్సు వచ్చింది. ఎడమ కాలికి స్పర్శ తెలియట్లేదన్నాడట. వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కేసింది. అదే రోజు ఆపరేషన్ చేశారు.

నాలుగు రోజుల తర్వాత ద్రాక్షపళ్ళు తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాను. వరండాలో ఆయన భార్య కనిపించింది. ఏదో స్కూల్లో క్లీనింగ్ పని చేస్తుంది, ఆవిడ జర్మన్ ఆయన కంటే చాలా నయం. నేనెవరో చెప్పగానే తెలుసన్నట్టు తలూపింది. గొంతు పెంచలేదు. ఏడాదిగా ఆయన ఇంటికి రాగానే వంటింట్లో నేల మీద వెల్లకిలా పడుకుని, అన్నానికి పిలిచేదాకా లేచేవాడు కాదని చెప్పింది. మాత్రలు వేసుకుని పనికి వెళ్ళేవాడట. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వినేవాడు కాదట. ఆఫీసులో ఆవిడ టైము రాసుకుంటోంది, మెషీన్ గెలిచిందంటే ఇక నేను ఇంటికే, అనేవాడట.

పద్నాలుగు నెలల్లో నేను సేకరించిన సమాచారంలో అసలు సమాచారం అదొక్కటే. అది కూడా నేను అడిగి తెలుసుకున్నది కాదు.

లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, చెప్పకూడని మాటే ముందు చెప్పాను.

"ఆ బండి మిమ్మల్ని తీసేయడానికి కాదు. మీ నడుం కోసమే."

"ఆ సంగతి నాకెవరు చెప్పారు?"

"మీరు ఒక్కసారి అడగొచ్చు కదా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కోపాన్ని అణుచుకుంటున్నాడని అర్థమైంది.

"వాచీ పట్టుకుని నిలబడ్డ మనిషిని ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అన్నాడు.

ద్రాక్షపళ్ళు తీసి బల్ల మీద పెట్టాను, మళ్ళీ తీసి గిన్నెలో వేశాను. చివరికి, పద్నాలుగు నెలల కిందట అడగాల్సిన ప్రశ్న అడిగాను. మీరైతే ఏ బండి కొంటారు?

పావుగంట చెప్పాడు. వచ్చీరాని జర్మన్‌లోనే, చేతులతో గాల్లో బొమ్మలు గీస్తూ. గేటు నుంచి లారీ దాకా దూరం ఒక సమస్యే కాదట. అసలు కష్టమంతా చెట్టు నుంచి గేటు దాకానే. మూడు మెట్లు, పూలపాదులు, పనిముట్ల కొట్టు పక్కన మలుపు. మావాళ్ళు చూసిన బండి అక్కడే ఆగిపోతుంది. దానికంటే సన్నటిది, చక్రాలకి బదులు రబ్బరు పట్టాలున్నది ఉంటుంది, వెనక నిలబడి నడిపేది. అది మెత్తటి నేలలో దిగబడదు, పచ్చికని చీల్చదు. ఒకసారి ఒక శ్మశానంలో వేరే కంపెనీవాళ్ళు దాంతో పనిచేస్తుంటే, మధ్యాహ్నం రొట్టె తినే టైములో పక్కన నిలబడి అంతా చూశాడట. ఏ ఇంట్లో ఏ తోట ఎలా ఉందో మొత్తం ఆయన తలలో ఉంది. నేను టేపు పట్టుకుని ఊరంతా తిరిగాను. ఈయన ప్రతి మీటింగులోనూ నా ఆఫీసు తలుపు దగ్గరే ఉన్నాడు.

తర్వాతి సోమవారం మీటింగు. షెఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మనిషి ఆస్పత్రిలో ఉండగా ఈ విషయం ఇప్పుడెందుకు, వసంతం దాకా చూద్దాం అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో నేను గొంతు పెంచింది ఆ ఒక్కసారే. నా పట్టిక తీసి బల్ల మధ్యలోకి తోశాను. ఈ లెక్కలు తప్పు, నేను వేసినవే తప్పు అన్నాను. ఉద్యోగం పోతుందేమోనని భయంతో పరిగెత్తే మనిషి టైము రాసి, దానికి చేతి పని అని పేరు పెట్టాను. సరైన లెక్కలేంటి మరి అన్నాడు షెఫ్. సరైన లెక్కలు లేవు, మనిషి నడుం ఉంది, అది విరిగింది అన్నాను.

అప్పుడు మేస్త్రీ, బల్ల కేసి చూస్తూ, ఆయన మాత్రలు వేసుకుంటున్న సంగతి నాకు తెలుసు అన్నాడు. చెట్లెక్కే ఇద్దరికీ తెలుసట. లారీ దిగేటప్పుడు వెనక్కి తిరిగి, మెట్టు పట్టుకుని దిగేవాడట. అది షెఫ్ కూడా చూశాడట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మరి ఇన్ని నెలల్లో ఒక్కరూ నాకు చెప్పలేదేం?"

"మీరు నిమిషాలు అడిగారు," అన్నాడు మేస్త్రీ. "మేం నిమిషాలే చెప్పాం."

తర్వాత ఇరవై నిమిషాల్లో మీటింగు అయిపోయింది. పట్టాలున్న బండే కొనాలని తేలింది. పద్నాలుగు నెలలు నానిన విషయం ఇరవై నిమిషాల్లో తేలిందంటే, మొదటిరోజే తేల్చి ఉండొచ్చన్నమాట.

ఇది చదివే మన తెలుగు పిల్లల్లో చాలామంది బ్యోబ్లింగెన్‌లోనో హాంబర్గ్‌లోనో కంప్యూటర్ల ముందు కూర్చుని, ఎవరో ఎక్కడో చేసే పనిని కొలిచే ఉద్యోగాల్లో ఉంటారు. కొలవద్దని చెప్పడానికి నేనెవర్ని? నేనూ కొలిచినదాన్నే. కాకపోతే మీరు కొలుస్తున్నది ఎవరినో ఆ మనిషికి, ఎందుకు కొలుస్తున్నారో ముందే చెప్పండి. జర్మన్ రాకపోతే సైగలతోనైనా చెప్పండి. నాకు అయిదు నిమిషాలు పట్టేది. ఆ అయిదు నిమిషాలు నేను పెట్టలేదు కాబట్టి ఆయన ఎడమ పాదంలో సగం ఇప్పటికీ స్పర్శ లేదు.

ఆపరేషనైన ఎనిమిదో నెలలో ఆయన తిరిగి పనికొచ్చాడు. మొదట రోజుకి మూడు గంటలే. పది కిలోలు దాటి ఎత్తకూడదని డాక్టరు కాగితం ఇచ్చాడు. అది తీసుకుని ఆఫీసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. బండి అప్పటికే వచ్చి షెడ్డులో ఉంది, ఇక నుంచి దాన్ని నడిపేది ఆయనే. చూపిద్దామని నేనే వెంట వెళ్ళాను. మురిసిపోతాడనుకున్నాను. ఆయన కొంచెం కాలీడుస్తూ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగకుండా, చేతికర్రతో ముందున్న పంజాని తట్టి చూశాడు.

"ఈ పంజా ఎవరు ఎంచారు?"

"నేనే," అన్నాను.

"మరీ వెడల్పు. సందులో రెండు పక్కలా గోడలు గీరేస్తుంది. నన్నడిగారా?"

"మీరు ఆస్పత్రిలో ఉన్నారు కదా."

"ఆస్పత్రిలో ఫోనుంది," అన్నాడు.

బండి రకం ఆయన్ని అడిగి ఎంచుకున్నదాన్ని, పంజా మాత్రం కరపత్రం చూసి టిక్కు పెట్టేశాను. ఇంత జరిగాక కూడా. నా మీద నాకు వచ్చిన విసుగు అంతా ఇంతా కాదు. అక్కడే నిలబడి డీలర్‌కి ఫోన్ చేశాను. పంజా మార్చాలంటే సరైన కొలతలు చెప్పండి, మళ్ళీ పొరపాటు జరిగితే మా బాధ్యత కాదు అన్నాడు. ఒక్క నిమిషం ఉండండి అని, ఫోను ఆయన చేతికిచ్చాను. నాకు జర్మన్ సరిగ్గా రాదు కదా అన్నాడు. వాళ్ళు అర్థం చేసుకుంటారులెండి, లేకపోతే మళ్ళీ చెప్పండి అన్నాను. ఆయన గొంతు సవరించుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను నోట్‌బుక్కు తెరిచి, ఆయన చెప్పినవి చెప్పినట్టు రాసుకున్నాను.